తొమ్మిదిన్నర గంటల అత్తగారు

మా బాస్‌ని ఆఫీసులో అందరం పైలట్ అంటాం, ఆయనకి వినపడకుండా. ఆయన విమానం ఎక్కింది రెండుసార్లే, అదీ కిటికీ సీటు కోసం పక్కవాడితో గొడవపడి. కానీ ఏ రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టినా మధ్యలో దూరమెంతో, ఎన్ని గంటలు పడుతుందో చెప్పే వెబ్‌సైట్ ఆయనది. ఆ కోడ్ రాసింది నేను. గ్లోబు మీద ఈ చుక్క నుంచి ఆ చుక్కకి దూరం తీసి, విమానం వేగంతో భాగించి, లేవడానికీ దిగడానికీ ఓ అరగంట కలపడం. అంతే. ఆ రెండు ఊళ్ళ మధ్య అసలు విమానం తిరుగుతుందా అన్నది మాకు అనవసరం.

చేరిన కొత్తలో అన్నాను. "సార్, కింద ఓ ముక్క రాద్దాం. నేరుగా విమానం లేకపోతే మధ్యలో దిగి మారాలి, ఇంకా చాలాసేపు పడుతుందని." రాసి చూపించాను కూడా.

"చదివేవాడు బెదిరిపోడూ? జనానికి ఒక్క అంకె చాలమ్మా" అని తీసేయించాడు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. ఈయన కుందేలుకి కాళ్ళే లేవు, ఎగురుతుంది.

మొన్న పొద్దున్నే ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు.

"మా అత్తగారు ఇంకా దిగలేదు! కౌంటర్లో అడిగితే, మా బావమరిది ఉండే ఊరి నుంచి నేరుగా విమానమే లేదంటున్నాడు వెధవ. మన సైట్ చూడు!"

చూశాను. "తొమ్మిదిన్నర గంటలు సార్."

"నేనూ అదేగా చెప్తున్నా!"

"ఆవిడ టికెట్ చూశారా?"

టికెట్ బావమరిది తీశాడట. ఈయన మాత్రం బయల్దేరిన టైముకి మా తొమ్మిదిన్నర కలుపుకుని వెళ్ళి నిలబడ్డాడు. నాకు నవ్వాగలేదు. తర్వాతి మాటకి ఆగింది.

"ఆవిడకి షుగరమ్మా. నేనే చెప్పా, ఒక్క పూట ఇన్సులిన్ చేతిసంచిలో పెట్టుకోండి, మిగతాది పెద్ద పెట్టెలో పడేయండి అని."

పెద్ద పెట్టె విమానం కడుపులో ఉంది. బావమరిదిని నిద్రలేపి టికెట్ తెప్పించుకున్నాను. రెండు చోట్ల మారాలి, చేరేసరికి సాయంత్రం. ఆవిడ ఆ వేళకి ఉండాల్సిన రెండో ఎయిర్‌పోర్టులో డాక్టరు నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. గేటు దగ్గర ఆవిడ అప్పటికే కళ్ళు తిరిగి కూలబడి ఉందట. మందిచ్చి, కాసేపు పడుకోబెట్టి, విమానం ఎక్కించారు.

సాయంత్రం ఎయిర్‌పోర్టుకి నన్నూ లాక్కెళ్ళాడు. అత్తగారు చక్రాల కుర్చీలో బయటికొచ్చింది.

"తొమ్మిదిన్నర గంటలన్నారుగా బాబూ. ఎవరి కాకిలెక్క అది?"

"ఎదురుగాలి అత్తయ్యా" అన్నాడు పైలట్, రెప్ప కూడా వెయ్యకుండా. పైగా నావైపు చెయ్యి చూపించి, "లెక్క ఈ అమ్మాయిది."

ఆవిడ నన్ను చూడనైనా లేదు. "ఎదురుగాలి రెండు ఊళ్ళల్లో దింపి కూర్చోబెడుతుందా బాబూ?"

మర్నాడు నా టేబుల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వప్పుడు అన్నావే ఆ ముక్క, పెట్టేయ్. ఆవిడ దారి ఉన్న ఆ ఒక్క పేజీలో. తిరుగు ప్రయాణానికి మన సైట్ ఆవిడే చూసుకుంటుందట."

"మిగతావాళ్ళకి అత్తగార్లు లేరా సార్?"

"ఉంటే? వాళ్ళు నాకు అత్తలు కారుగా."

ఒక్క పేజీలోనే రావాలంటే కోడ్‌లో ఓ షరతు అదనంగా రాయాలి. నేను రాయలేదు. ఆ ముక్క అన్ని పేజీల్లోకీ వచ్చేసింది. పైలట్‌కి తెలుస్తుందన్న భయమేమీ లేదు. అత్తగారి పేజీ తప్ప, తన సైట్లో ఇంకోటి ఆయన ఎన్నడూ తెరిచి చూడలేదు.