లాభం తర్వాత ఒకటి

మా వైపు కొలతలో ఒకటి అనరు. ధాన్యం కొలిచినా, మిరపకాయ బస్తాలు ఎత్తినా మొదటిది లాభం. ఆ తర్వాత రెండు, మూడు. కాలవ గట్టు వెంబడి చేలకీ అదే లెక్క. మొదటి హద్దురాయి మీద ‘లాభం’ అనీ, తర్వాతి రాళ్ల మీద 2, 3, 4 అనీ ఎర్ర రంగుతో రాసి ఉంటాయి.

మందు కొట్టే డ్రోన్ ఊళ్లోకి వచ్చాక పానకాలు కూతురు ధనశ్రీ దానికో వెబ్ పేజీ తయారుచేసింది. మంగళగిరి ఆఫీసులో అదే పని చేసే పిల్ల. చేల జాబితా ఇస్తే పేజీలోని లూపు ఒక్కో చేనునూ వరసగా చూపిస్తూ, పక్కన దాని సంఖ్య తనే వేస్తుంది. రైతు పేరు, మందు పేరు ఉండవు. ఉంటే ఎవరి చేలో ఏ తెగులో ఊరంతా చెప్పుకుంటారని రైతులే వద్దన్నారు. షెడ్డులో మందు కలిపి, డబ్బా మీద పేజీలోని సంఖ్య వేసి పంపుతారు.

మొదటిసారి పేజీ చూసి చెంచయ్య మండిపడ్డాడు. వరసలో మొదటి చేను ఆయనదే.

“నా చేను పక్కన సున్నా ఏందే? పంట సున్నా కావాలనా?”

“కంప్యూటర్ సున్నాతోనే మొదలెడుద్ది తాతా.”

“అయితే దాన్నే సేద్యం చేసుకోమను. లాభం అని రాయి!”

ధనశ్రీ నవ్వి పేజీకి మూసలాంటి టెంప్లేట్‌లో చిన్న షరతు పెట్టింది. మొదటి వరసైతే లాభం, కాకపోతే సంఖ్య. చెంచయ్య శాంతించాడు. కింది వరసలు ఎవరూ చూడలేదు. పోయిన కారు పంటకి అందరికీ ఒకటే పురుగుమందు. ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టుకుంటూ పోయారు.

ఈసారి సుబ్బరావమ్మ వరసలో నాలుగోదైన తన చేను బీడు పెట్టింది. తుంగా గరికా మోకాలెత్తు లేచాయి. ఏ పచ్చ మొక్కనైనా మాడ్చేసే గడ్డిమందు రాయించింది. ఆ ఉదయం ఉన్నది ఆ ఒక్క పనే. డ్రోన్ నడిపే అశోక్‌ది చీరాల, ఊరికి కొత్త. డబ్బా మీద 3 ఉంది. మూడో రాయి దగ్గర దించాడు.

మూడో చేను పానకాలు అక్క సామ్రాజ్యానిది. మిరప తెల్లగా పూత మీదుంది.

డ్రోన్ లేచింది. గట్టు మీద అక్క పక్కన నిలబడ్డ పానకాలు అడిగాడు.

“నువ్వు రాయించావా అక్కా?”

“ష్! నోర్ముయ్‌రా. ఎవరి మందో మన చేలో పడుతుంది. పడనీ. తామరపురుగు చస్తే చాలు.”

కొంగు నోటికడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వింది. సన్నటి తుంపర సాలు వెంట సాలు దిగుతోంది.

అక్కడ మంగళగిరిలో ధనశ్రీ ఫోన్ మోగింది. సుబ్బరావమ్మ.

“ఏమే, నా బీడొదిలేసి మీ అత్త చేలో తిప్పుతున్నాడేందే మీవాడు?”

ధనశ్రీ పేజీ తెరిచింది. లాభం. 1. 2. 3.

లాభం తర్వాత ఒకటి. రెండు ఉండాల్సిన చోట. తను సున్నాని కప్పింది గానీ, దాని వెనకాల లెక్క ఇంకా సున్నా నుంచే నడుస్తోంది. సుబ్బరావమ్మ నాలుగో చేను పేజీలో మూడైంది.

అశోక్ ఫోన్ ఎత్తలేదు. తండ్రి ఎత్తాడు.

“నాన్నా, దింపించు! అది గడ్డిమందు!”

పానకాలు కేకలేస్తూ సాళ్లకడ్డంపడి పరిగెత్తాడు. అతను చేరేసరికి డ్రోన్ తనంతట తనే దిగింది. చివరి సాలు కూడా అయిపోయింది.

విషయం తెలిసి అశోక్ ముఖం మాడిపోయింది. గబగబా ట్యాంకు కడుగుతూ అన్నాడు.

“మీరిక్కడే ఉన్నారు కదమ్మా. రాయించలేదని ఒక్క మాట చెప్తే ఆపేవాణ్ణి కదండీ.”

డ్రోన్ మళ్లీ లేచి ఉత్త నీళ్లు చల్లింది. ఎంత మందు జారిపోయిందో, ఎంత లోపలికి దిగిందో కంటికి కనపడే సంగతి కాదు. సామ్రాజ్యం చేలోకి దిగి ఒక కొమ్మ వంచి చూసింది. ఆకు నిగనిగలాడుతోంది.

“పచ్చగానే ఉందిరా పానకాలూ.”

పానకాలు తల తిప్పుకున్నాడు. గడ్డిమందు సంగతి అతనికి తెలుసు. మొదట్లో ఏమీ కానట్టే ఉంటుంది.