మూడున్నర వేళ్లు

సోమవారం పొద్దున చపాతీ పిండి కలపబోతూ కమీజు చేతులు పైకి లాక్కున్నప్పుడు నౌషీన్‌కు ఎడమ ముంజేతి మీద ఎర్రటి చారలు కనిపించాయి. శనివారం రెండు కుటుంబాలూ కలిసి తాయిఫ్ దగ్గరి షఫా కొండలకు వెళ్లొచ్చాయి. ఆమె భర్త ఇష్తియాక్ మదీనాలో ఒక హోటల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. మహబూబ్ సుభాని అదే హోటల్లో స్టోర్ చూసుకుంటాడు. ఈద్ సెలవుల్లో హైకింగ్ అంటూ ఇద్దరూ తెగ సంబరపడ్డారు. హైకింగ్ అంటే మగవాళ్లు ఉత్తచేతులతో కొండెక్కడమూ, ఆడవాళ్లు పలావు గిన్నె మోసుకుంటూ వెనకాల ఎక్కడమూ అని నౌషీన్‌కు అక్కడికి పోయాకే తెలిసింది. తిన్నాక గిన్నెలు తోమింది కూడా తనూ, సుభాని భార్య మెహకూనే. మిట్టమధ్యాహ్నం ఎండలో, చేతులు మోచేతిదాకా మడుచుకుని. ఏ గిన్నె అంచో గీసుకుని ఉంటుందిలే అనుకుని, చారల మీద ఇంత కొబ్బరినూనె రాసి పిండి కలపడంలో పడింది.

మంగళవారానికి చారలు పొంగి నీటిబొబ్బలయ్యాయి. ముంజేతి ఒక పక్క నాలుగు, రెండో పక్క లావుగా ఒకటి. చూసేకొద్దీ ఆకారం తేలింది. అది చెయ్యి. ఎవరో గట్టిగా పట్టుకున్న చెయ్యి. ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు, ఇష్తియాక్ డ్యూటీకి పోయి మూడు గంటలైంది. కుళాయి కింద చెయ్యి పెడితే పట్టుకున్నట్టు మండింది. పరుపు దులిపితే పట్టుకున్నట్టే మండింది. పరుపు కింద దాచుకున్న బీఎడ్ పుస్తకం అందుకోబోతే ఆ మంట ఎంత పెరిగిందంటే, నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. కిటికీ పరదా మాత్రం ఏసీ గాలికి కదులుతోంది. పుస్తకాన్ని మళ్లీ పరుపు కిందికే తోసేసింది.

పెళ్లితో ఆగిపోయిన బీఎడ్‌లో ఆమెకు ఇంకా రెండు పేపర్లు మిగిలాయి. వచ్చే నెల రాయకపోతే ఇక లేదని నంద్యాల కాలేజీ వాళ్లు కచ్చితంగా చెప్పేశారు. పోవాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ కావాలి, అంటే సౌదీ దాటి పోయిరావడానికి మొగుడు ఇప్పించాల్సిన అనుమతి. అది ఇష్తియాక్ ఫోన్లో ఒక్క నొక్కు. అడిగినప్పుడల్లా "రేపు కొడతాలే" అంటాడు. ఆ రేపు నాలుగు నెలలుగా వస్తూనే ఉంది.

సాయంత్రం ఇష్తియాక్ ఆమె చెయ్యి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. వెంటనే నంద్యాలకు వీడియో కాల్ కలిపి తల్లికి చూపించాడు.

"యా అల్లా! అది మనిషి చెయ్యి కాదురా" అంది జైతూన్ బీ. "కొండల్లో జిన్ను పట్టుకునిండాది. ఏమ్మే నౌషీనూ, సంసారం ఇడిసిపెట్టి పరీచ్చలు పరీచ్చలని కలవరిచ్చాంటే అట్లనే అయితాది. ఒరే, నువ్వు సదాపాకు తెచ్చినావు గదా, నూరి దానిమీద పుయ్యి."

షఫాలో బండి మీద అమ్ముతుంటే దిష్టికి మంచిదని ఇష్తియాక్ కొన్న సదాపాకు కట్ట వంటింట్లోనే ఉంది. కొండల్లో ఆ శనివారమంతా ఆకులు తుంచి అరచేతిలో నలిపి వాసన చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు నూరమని మాత్రం ఆమెకే చెప్పాడు. తన చేతికి మందు తనే నూరుకుని, చారల మేరకే పూసుకుంది. బుధవారం పొద్దున ఆ చేత్తోనే మేడ మీద ఎండలో బట్టలు ఆరేసింది. సాయంత్రానికి బొబ్బలు చిట్లి, జ్వరం తగిలి, క్లినిక్‌కు పోక తప్పలేదు.

ఇష్తియాక్ కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఉండిపోయాడు. మలయాళీ డాక్టరమ్మ సంగతంతా విని, ఇంకెప్పుడూ ఆ ఆకు పూయొద్దని హిందీలో గట్టిగా కోప్పడింది. ఆ పసరు అంటిన చోట ఎండ తగిలితే ఒళ్లు కాలుతుందట, ఆ కాలిన గుర్తు పైకి కనిపించడానికి ఒకటి రెండు రోజులు పడుతుందట. నలిపినవాళ్ల అరచేతికి ఏమీ కాదు, అక్కడ తోలు మందం. "ఆకు నలిపిన చేత్తో నిన్ను ఎవరు పట్టుకున్నారు?" అని అడిగింది.

"ఎవరూ పట్టుకోలేదు డాక్టర్" అంది నౌషీన్. అబద్ధం చెప్పలేదు. ఎంత వెతుక్కున్నా ఆమెకు నిజంగానే గుర్తు రాలేదు.

గురువారం సాయంత్రం మొగుడికి చాయ్ ఇచ్చింది. గ్లాసు చుట్టూ అతని కుడిచెయ్యి ముడుచుకుంది. ఉంగరం వేలు సగమే. పెళ్లికి ముందు లిఫ్టు తలుపులో పడి తెగిపోయింది. నౌషీన్ వంటింట్లోకి పోయి కమీజు చెయ్యి పైకి లాగింది. నాలుగు చారల్లో మూడోది సగంలోనే ఆగిపోయి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గిన్నెలు తోముతుంటే మెహక్ "పరీక్షలకి ఎప్పుడు పోతాండావు?" అని అడిగింది. తను "వచ్చే నెల" అని నోరు తెరిచింది. వెనకనుంచి చెయ్యి వచ్చింది. "ఆమెకే ఇష్టం లేదు వదినా, నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతాది?" అని ఇష్తియాక్ నవ్వాడు. అందరూ నవ్వారు. తను కూడా నవ్వింది. నవ్వేదాకా ఆ చెయ్యి వదల్లేదు. పెళ్లైన ఈ ఐదేళ్లలో అమ్మతో ఫోన్లో ఏదైనా చెప్పబోయినప్పుడు, దుకాణంలో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడినప్పుడు, వచ్చి పట్టుకున్న చెయ్యి అదే. ఊపిరి పీల్చుకున్నంత అలవాటైపోయి మనసు దాన్ని లెక్కలోంచే తీసేసింది. పొయ్యి దగ్గర నిలబడి నౌషీన్ తన గురించి తానే భయపడింది. జిన్ను గురించి కూడా అంత భయపడలేదు.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక సుభాని వాళ్లు భోజనానికి వచ్చారు. హాల్లో నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అందరూ కూర్చున్నారు. మెహక్ మళ్లీ అడిగింది. "టికెట్ తీసుకున్యావా?"

"ఆమెకే ఇష్టం లేదు వదినా" అని ఇష్తియాక్ అందుకున్నాడు.

నౌషీన్ కూర గిన్నె కింద పెట్టి అతని పక్కన కూర్చుంది. కమీజు చెయ్యి మోచేతిదాకా మడిచి, ముంజేతిని అతని పళ్లెం పక్కన ఆనించింది. బొబ్బలు ఎండి, చెయ్యి గుర్తు నల్లగా తేలి ఉంది.

"యా అల్లా, ఇదేంది?" అంది మెహక్.

"అత్తమ్మ జిన్ను అంటాది వదినా. డాక్టరమ్మ మనిషే అంటాది" అని నౌషీన్ మొగుడి వైపు తిరిగింది. "మీ చెయ్యి ఒకసారి దీనిమీద పెట్టండి. సరిపోతాదో లేదో సుభానన్న చూసి చెప్తాడు."

ఇష్తియాక్ నవ్వాడు. ఎవరైనా తనతోపాటు నవ్వుతారేమోనని అందరి మొహాలూ చూశాడు. సుభాని ఆ మచ్చ వంకా, అన్నం మెతుకులు అంటుకున్న సగం వేలి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. ఇష్తియాక్ చెయ్యి మెల్లగా పళ్లెంలోంచి లేచి ఒళ్లోకి దిగిపోయింది.

"పెట్టకపోతే పాయె" అంది నౌషీన్. "అదే చేత్తో ఫోన్ తీసి నాకు రీఎంట్రీ కొట్టండి."