గుర్రాల వరసలో మా తాత

మా ఊరి బయట మైదానంలో రాతి గుర్రం మీద రాతి సర్దారు ఒకాయన కత్తి దూసి కూర్చుని ఉంటాడు. ఆ కత్తి ఎదురుగా ఉన్న బస్సుల షెడ్డు వైపు చూపిస్తుంది. శత్రువులున్నది ఆయన వీపు వెనకాల. చెక్కినవాడి తప్పేం లేదు, యుద్ధంలో కూడా అంతే జరిగింది. గుర్రపు దళమంతా పొగలో దారి తప్పి నేరుగా బురదలోకి దౌడు తీసింది. గుర్రాలు దిగబడిపోయాయి, అవతలివాళ్లు తీరిగ్గా కాల్చుకున్నారు. దాన్నే ఇప్పుడు వీరోచిత దాడి అంటున్నారు. అననీండి, చచ్చినవాళ్లు ఎలాగూ కాదనరు.

కింద దిమ్మెకు రెండు పలకలున్నాయి. ఒకదాని మీద చనిపోయిన మనుషుల పేర్లు, రెండోదాని మీద గుర్రాల పేర్లు. మెరుపు, బెల్లం, మహారాణి, తిక్క. అవును, తిక్క అనే గుర్రానికి కూడా రాతి మీద చోటుంది. మా తాతకు మాత్రం లేదు. ఆయన ఆ దళం గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. బురదలో ఒక గుర్రానికి నాడా ఊడిందని కేకేస్తే సుత్తి పట్టుకుని పరుగెత్తి, అక్కడే తూటా తిన్నాడు. బురదలో నాడా కొట్టడమేమిటో, దానికి ఈయన వెళ్లడమేమిటో!

ఆయన పేరు కూడా చెక్కమని నానమ్మ ఏటేటా స్మారకం కమిటీ ఆఫీసుకు వెళ్లి కూర్చునేది. నాడాలవాడు సైనికుడు కాదు, కూలికి వచ్చినవాడు, కుదరదనేవాళ్లు. మరి గుర్రాలు సైనికులా అని అడిగితే, గుర్రాలు దళం సొత్తమ్మా అని సర్ది చెప్పి పంపేవాళ్లు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఈ ఏడు నానమ్మ మంచం పట్టింది. ఎలా ఉందని అడిగితే డాక్టరు నన్ను చూడకుండా కిటికీ వైపు చూడడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే, అరిగిపోయిన అక్షరాలు మళ్లీ చెక్కమని కమిటీ నన్ను పిలిచింది. సమాధి రాళ్లు చెక్కడం మా నాన్న నాకు నేర్పిన పని. నేను ఉలికి పదును పెడుతుంటే నానమ్మ మంచం మీంచే అంది.

"మనుషుల్లో చోటు లేదన్నారుగా. గుర్రాల్లో పెట్టెయ్యవే."

"తాతనా? మతి పోయిందా నీకు?"

"నాకంటే వాటితోనే ఎక్కువ కాపురం చేశాడు. ఏమీ అనుకోడులే."

దళంలో ఆయన్ను పిడుగు అని పిలిచేవాళ్లట. మహా నిదానం మనిషి కాబట్టి ఎగతాళికి పెట్టిన పేరు. తిక్క కింద ఖాళీలో 'పిడుగు' అని చెక్కి, పాతగా కనబడాలని మట్టి రుద్దాను.

స్మారక దినం నాడు నానమ్మను కుర్చీతో సహా మోసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాం. ఈ దళానికి ఒక పద్ధతి ఉంది. కాగితం చూడకుండా రాతి మీది పేర్లే కల్నల్ పైకి చదవాలి. మనిషి పేరు చదివితే సైనికులు "హాజరు" అంటారు. గుర్రం పేరు చదివితే బూటుకాలు నేలకేసి కొడతారు. ముసలి కల్నల్ మనుషులను ముగించి గుర్రాల్లోకి వచ్చాడు. తిక్క అన్నాడు, బూట్లు మోగాయి. తర్వాత పిడుగు అన్నాడు. ఒక్క కాలూ కదల్లేదు. తిక్కతో వరస అయిపోతుందని వాళ్లందరికీ కంఠతా వచ్చు.

కల్నల్ వంగి ఆ అక్షరాలను వేలితో తడిమాడు.

"ఈ గుర్రం ఎవరిది?"

నానమ్మ నా భుజం ఆసరాగా లేచి నిలబడింది. "నాది బాబూ."

ఆయన ఆవిడ వైపు చూశాడు. కమిటీ పెద్ద ఆయనే, ఆఫీసులో ఆ మొహాన్ని ఎన్నిసార్లు చూశాడో. పలక పగలగొట్టిస్తాడు, నన్ను మెడపట్టి గెంటిస్తాడు అనుకున్నాను. ఆయన కోటు సర్దుకుని, సైనికుల వైపు తిరిగి, గట్టిగా చదివాడు.

"పిడుగు."

సైనికులకు ఏం చేయాలో పాలుపోలేదు. సగంమంది బూటుకాలు కొట్టారు, సగంమంది హాజరు అన్నారు. నానమ్మ కళ్లు నిండిపోయాయి. నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"సరిగ్గా వినపడలేదే. ఇంకోసారి చదవమను."

ఆవిడ చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. అయినా నేను అడిగాను. కల్నల్ మళ్లీ చదివాడు.