ముక్కు సాక్ష్యం

తలుపు మూసుకున్నాక ఇంజిన్ మీటకు పోబోయిన చేతిని పైలట్ సూర్యారావు మధ్యలోనే ఆపాడు.

"సిస్టర్, ఏదో తియ్యటి వాసనొస్తోందండీ. మీకేమైనా తెలుస్తోందా?"

నిషిత గట్టిగా గాలి పీల్చి చూసింది. "ఏం లేదు సార్."

హెలికాప్టర్ దిగింది గుమ్మడిదల పక్కన మక్కజొన్న కోసిన చేనులో. లోపల స్ట్రెచర్ మీద దేవమ్మ. మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగే పని ఆమెది. పొద్దున ఒక డ్రమ్ము మూత ఎగిరిపడి లోపలున్న సాల్వెంటు, ఇట్టే ఆవిరయ్యే రసాయన ద్రావకం, ఆమె మీద ఒలికిపోయింది. వీపంతా కాలింది. ఆవిరి లోపలికి పోయి ఊపిరి సగమే ఆడుతోంది. కంపెనీవాళ్లు నీళ్ల కింద నిలబెట్టి, బట్టలు తీసేసి, పొడి దుప్పటి చుట్టారు. ముత్తంగి దగ్గర కంటైనర్ బోల్తాపడి రోడ్డంతా బిగుసుకుపోయింది. పట్నంలో కాలిన గాయాల ఆస్పత్రికి చేరాలంటే ఇక పైనుంచే పోవాలి.

"ఆక్సిజన్ పడిపోతోంది" అన్నాడు డాక్టర్ చంద్రకాంత్, మానిటర్ మీదినుంచి కళ్లు తిప్పకుండా. ఆయనది సంగారెడ్డి. "నాకూ ఏ వాసనా లేదు కెప్టెన్. జల్దీ పోదాం."

సూర్యారావు అనుమానం తీరక తలుపు కొద్దిగా తెరిచి, బయట నిలబడ్డ కంపెనీ సూపర్వైజర్ యాదన్నను అడిగాడు.

"వాసనా? రోజూ ఉండే గాలే సార్ ఇది" అన్నాడు యాదన్న. "మీది కాకినాడ గదా. సముద్రం గాలి మరిగిన ముక్కుకు మా ఊరు గిట్లనే ఉంటది."

చుట్టూ ఉన్నవాళ్లు అంత పరేషాన్‌లోనూ నవ్వారు. సూర్యారావు కూడా నవ్వి, తలుపు లాక్కున్నాడు. "నా భ్రమేనేమో లెండి."

ఆ నవ్వు నిషితకు ఎక్కడో గుచ్చుకుంది.

ఆమెది ఇక్కడికి దగ్గర్లోని లక్డారం, అదీ కంపెనీల ఊరే. విశాఖలో నర్సింగు చదివే రోజుల్లో సెలవులకు వచ్చి బస్సు దిగగానే ముక్కు మూసుకునేది. "ఏందమ్మా ఈ వాసన?" అంటే తల్లి నాగరత్నం తెల్లబోయి చూసేది: "ఏ వాసనే?" ఇంకో పూట గడిస్తే తనకూ తెలిసేది కాదు. వాసన ఎక్కడికీ పోయేది కాదు, ముక్కే ఊరితో రాజీపడేది. ఇప్పుడు ఏళ్లతరబడి ఆ ఊరినుంచే డ్యూటీకి వస్తోంది. డాక్టరుదీ ఇదే గాలి. యాదన్నదీ ఇదే గాలి. ఇంతమంది లేదన్నా, నిజానికి సాక్షి ఒక్కడే. ఆ ఒక్కడూ ఇప్పుడు తన మాట తానే వదులుకుంటున్నాడు.

"ఎగరొద్దు సార్" అంది.

డాక్టర్ తలెత్తాడు. "నిషితా, ఈమెకు టైమ్ లేదు!"

"నాకు తెల్సు సార్. కానీ నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు. ఈ డబ్బాలో ఆవిరి నిండి కెప్టెన్‌కు తల తిరిగితే, పైన తలుపు తీసుకుని కూర్చోగలమా? పక్కన ఆక్సిజన్ వేరే నడుస్తోంది. ఒక్క నిప్పురవ్వ చాలు."

ఆ బృందంలో మొదటినుంచీ ఒకటే కట్టుబాటు: ముగ్గురిలో ఒక్కరు వద్దన్నా ఎగరడం లేదు. చంద్రకాంత్ పళ్లు కొరుక్కుని ఆక్సిజన్ కట్టేశాడు. మూతికి చేత్తో నొక్కే గాలితిత్తి బిగించి, దాంతోనే ఊపిరి అందిస్తూ స్ట్రెచర్‌తో పాటు కిందికి దిగాడు.

నిషిత దుప్పటి తడిమింది. పొడిగా ఉంది. మెడ, చంకలు, కాళ్లు, అన్నీ కడిగినవే. తలకు ఎవరో కండువా చుట్టారు. దాన్ని విప్పింది. కింద పిడికిలికి పట్టనంత కొప్పు. వేళ్లు లోపలికి పోనిచ్చేసరికి గ్లౌజులోంచి కూడా జివ్వుమని సాల్వెంటు చల్లదనం తగిలింది. ఒంటి మీద నీళ్లు పోశారే గానీ, ముడి విప్పాలని ఎవరికీ తోచలేదు.

సూర్యారావు వంగి చూసి, చప్పున మొహం తిప్పుకున్నాడు. "ఇదేనండీ!"

"ఇది నీళ్లకు పోదు. కత్తిరించాలె" అంటూ నిషిత కత్తెర తీసింది.

దేవమ్మ భర్త సత్తయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఏం జేస్తున్నవ్ బిడ్డా? నేను సచ్చిననా ఏంది? మొగడు బతికుండంగ ఆడిదాని కొప్పు కోస్తరా?"

"కాకా, కొప్పు నిండ మందే ఉంది. గిట్లనే తీస్కపోతే నడిపేటాయన పైన సోయి తప్పుతడు. అందరం పోతం."

"ఒక్క కొప్పుకు గింత పెద్ద మోటరు పడ్తదా?"

"పడ్తది కాకా."

"తొందరగా!" అన్నాడు చంద్రకాంత్. దేవమ్మ పెదాలు నీలం తిరుగుతున్నాయి.

సత్తయ్య ఆ పెదాల వంక చూశాడు. తర్వాత వీరభద్రుడి గుడి ఉన్న బొంతపల్లి దిక్కు తిరిగి, చెప్పులు విడిచి, చేతులు జోడించాడు.

"వీరన్నా! దీని తలనీలాలు నీకే ఇస్తున్న. గుడికాడికొచ్చే యాళ లేదు, ఈడనే తీస్కో. మనిషిని మాత్రం నాకు ఇడిసిపెట్టు." ఇటు తిరిగాడు. "ఇగ కొయ్ బిడ్డా. ఇప్పుడు తప్పు లేదు."

కత్తెర కరకరమంది. కొప్పు కండువాతో సహా ప్లాస్టిక్ సంచిలో పడింది. నిషిత తల పొడిబట్టతో ఒత్తి తుడిచి, దిండూ దుప్పటీ గ్లౌజులూ మార్చింది. సంచి మూతి బిగించి యాదన్న చేతికిచ్చింది. ఈసారి యాదన్న నవ్వలేదు, దాన్ని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు.

స్ట్రెచర్ ఎక్కించి, తలుపు మూశారు. సూర్యారావు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు. "సిస్టర్, వాసన?"

"నన్నడగకండి సార్. మీరే చెప్పండి."

ఆయన నిండుగా గాలి పీల్చాడు. ఆగి, మళ్లీ పీల్చాడు. నిషిత, డాక్టర్ ఇద్దరూ ఆ ఒక్క ముక్కు వంకే చూశారు.

"లేదండీ."

చంద్రకాంత్ ఆక్సిజన్ తిప్పాడు. మక్క మోళ్ల దుమ్ము లేచింది. కింద సత్తయ్య బొమ్మంత అయి, గుప్పెడంత అయి, చేలల్లో కలిసిపోయాడు. మానిటర్ మీద అంకె ఒక్కో మెట్టూ ఎక్కుతోంది.

దేవమ్మ చెయ్యి మెల్లగా లేచి, తల వెనక తడుముకుంది. కొప్పు కోసం వెతికింది. నిషిత ఆ చేతిని పట్టుకుని, చెవి దగ్గరికి వంగింది.

"చిన్నమ్మా, కాక నీ కొప్పు వీరన్నకిచ్చిండు."

మాస్కు లోపల ఊపిరి మసక కమ్మింది. ఆ మసకలోంచి పెదాలు కదిలాయి.

"నన్నడగకుంటనే?"