ఒరెస్ట్ మాస్టారి హోం పేజీ

పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే ఒరెస్ట్ మెల్నిక్ మాస్టారికి కనిపించవలసింది డన్‌రే ఊరి కమ్యూనిటీ హాలు పేజీ. ఆ పేజీని రాసేది ఆయనే, దిద్దేది ఆయనే. ఊళ్ళోవాళ్ళ మాట నమ్మితే, చదివేదీ ఆయనొక్కరే. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, హాలు సంఘానికి అధ్యక్షులైన నాటి నుంచి, ఆ పేజీని ఆపాదమస్తకం ఒకసారి చదివి, రాత్రికి రాత్రి ఒక్క కామా అయినా జారిపోలేదని రూఢి చేసుకుంటే గాని ఆయన కాఫీ ముట్టేవారు కాదు.

ఈ ఏడు ఆ పేజీలో ఒక వాక్యమంటే ఆయనకు ప్రత్యేకాభిమానం. "పంటకోతల విందుకు కావలసిన పెరొగీలు ఇకపై నగరంలోని కర్మాగారం నుంచి తెప్పించబడతాయి, తద్వారా ఏకరీతి ప్రమాణం సిద్ధిస్తుంది."

ఆ వాక్యం పుణ్యమా అని ఆయన అక్క దార్కా ఆయనతో మాట్లాడటం మానేసింది. హాలు వంటగదిలో పిండిలో బంగాళాదుంప కూరి, కజ్జికాయల్లా పెరొగీల అంచులు నొక్కే ఆడవాళ్ళ బల్లకు తల్లి తరువాత పెద్దదిక్కు ఆమె. ఆ బల్ల ఇక అక్కర్లేదన్న సంగతి ఆమెకు తమ్ముడి నోట తెలియలేదు. అందరితోపాటు ఆ పేజీలో చదివి తెలుసుకుంది. వసంతంలో జరిగిన ముచ్చట అది. అప్పటి నుంచి చర్చిలో తమ్ముడు కుడివైపు కూర్చుంటే ఆమె ఎడమవైపు కూర్చునేది. పంట చేతికొచ్చేలోగా కోపం అదే చల్లారుతుందని మాస్టారి అంచనా. అంచనాలు వేయడంలో ఆయనకు మంచి పేరుంది.

సెప్టెంబరులో ఒక సోమవారం, హాలు పేజీ తెరుచుకోవలసిన చోట ఊలు మేజోళ్ళు అల్లే పేజీ తెరుచుకుంది. పైన ఎర్ర గొర్రె బొమ్మ ఒకటి ఆయన వంకే చూస్తోంది. మాస్టారు హోం పేజీని యథాస్థానంలో పెట్టి, కాఫీ తాగారు. మర్నాడు మళ్ళీ గొర్రె.

విచారణ లేకుండా శిక్ష వేసే మనిషి కాదాయన. బ్రౌజర్ అమరికలన్నీ వరసగా పరిశీలించారు. పిలవని పేరంటంగా వచ్చి కూర్చున్న కూపన్ల ప్రోగ్రాం ఒకటి కనబడితే దాన్ని బయటికి పంపారు. వైరస్ పరీక్ష చేయిస్తే కంప్యూటర్ ఆరోగ్యంగా ఉందని తేలింది. తెరమీది బ్రౌజర్ గుర్తు వెనకాల దొంగ చిరునామా ఏదైనా తోకలా తగిలించి ఉందేమోనని అదీ చూశారు, తోక లేదు. చివరికి బ్రౌజర్‌నే సమూలంగా తీసేసి, కొత్తది తెచ్చి పెట్టారు. కొత్త బ్రౌజర్ కడిగిన పలకలా ఉంది. తన పేరు, సంకేతపదం కొట్టారు. కొట్టీ కొట్టకముందే గొర్రె వచ్చింది.

ఆ తరువాతి వారం గొర్రె పోయి, జిల్లాలో చనిపోయినవారి వివరాల పేజీ వచ్చింది. మాస్టారు ఆ పేర్లన్నీ పైనుంచి కిందికి చదివారు. తన పేరు లేదు. ఊపిరి పీల్చుకున్నారని అనలేం గాని, రెండోసారి చదవలేదు. దాన్నీ మార్చారు. రెండు రోజులు తిరగకముందే సస్కాటూన్ నగరంలో వయోవృద్ధులకు అద్దెకిచ్చే గదుల పేజీ ప్రత్యక్షమైంది. మెట్లు ఉండవట, వాకిట్లో మంచు ఎత్తిపోసే పని ఉండదట. తన వయసు వైరస్‌కు ఎవరు చెప్పారో ఆయనకు అంతుపట్టలేదు.

నెల తిరిగివస్తుండగా ఒక సోమవారం కో-ఆప్ దుకాణం మూలబల్ల దగ్గర, కాఫీ మిత్రుల ముందు ఆయన ఈ విషయం ప్రస్తావించారు. ప్రస్తావించారంటే ఫిర్యాదు చేశారని కాదు. ఒక సాంకేతిక సమస్యగా సభ ముందు ఉంచారు. ధాన్యం గిడ్డంగి నడిపి విశ్రాంతి తీసుకుంటున్న లైల్ సోరెన్సన్ చెంచా కిందపెట్టాడు.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మీ అక్క ట్యాబ్‌తో నీకేం పని?"

"నాకేం పని ఉంటుంది?"

"మా ఆవిడ చెప్పిందిలే. రోజూ పొద్దున్నే లేచి ఆవిడ ట్యాబ్ తెరిస్తే, నీ హాలు ప్రకటన నెత్తిన కూర్చుని ఉంటోందిట. ఆవిడ తన మేజోళ్ళ పేజీ పెట్టుకుంటుంది. తెల్లారేసరికి మళ్ళీ నీ ఏకరీతి ప్రమాణం."

"పుండు మీద కారం చల్లడానికి కూడా వేళాపాళా ఉండాలోయ్," అన్నాడు పక్కనున్న ఫిలిప్ బుషార్. ఇతను పాల వ్యాను నడిపేవాడు. జాలిపడటం అతని వృత్తిలో ఎన్నడూ భాగం కాలేదు. "కాఫీ అయినా తాగనివ్వవా ఆవిణ్ణి?"

"నేనేమీ పెట్టలేదు," అన్నారు మాస్టారు.

"మరి ఆవిడేమో నువ్వే పెడుతున్నావని ఊరు వదిలి పోతోంది. సస్కాటూన్‌లో గది చూసుకుందిట," అన్నాడు లైల్.

మాస్టారు కప్పు కిందపెట్టి లెక్క కట్టారు. మేజోళ్ళు అక్కవి. చనిపోయినవారి పేజీ అక్కది. అక్క వయసులో దాన్ని చూడకుండా రోజు మొదలుపెట్టేవాళ్ళు డన్‌రేలో ఎవరూ లేరు. మెట్లు లేని గదులూ అక్కవే. ఆ ట్యాబ్ నిరుడు ఆమెకు పుట్టినరోజు కానుకగా కొని ఇచ్చింది తానే. ఆమెకంటూ ఖాతా ఒకటి తెరవడం దండగని, తన పేరూ తన సంకేతపదమే అందులో కొట్టి ఇచ్చిందీ తానే. ఇద్దరికీ కలిపి ఒకటే ఖాతా; ఒకటే హోం పేజీ. ఎవరు చివర మారిస్తే వారిదే రెండిళ్ళలోనూ తెరుచుకుంటుంది. మొదట ఆమె తన మేజోళ్ళ పేజీ పెట్టుకుంది; ఆయన దాన్ని దిద్దారు; ఆమె మళ్ళీ పెట్టుకుంది. నెల్లాళ్ళుగా ఇద్దరూ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నారు, కుర్చీ ఒకటేనని తెలియకుండా.

ఇదంతా ఆయన బల్ల దగ్గర వివరించారు. తరగతిలో అయితే నల్లబల్ల మీద బొమ్మ వేసేవారు.

ఫిలిప్ శ్రద్ధగా విన్నాడు. "అంటే వైరస్ నువ్వేనన్నమాట," అన్నాడు.

ఇంటికి వెళ్ళి మాస్టారు ఖాతా వివరాలు తెరిచారు. అక్క ట్యాబ్ పేరు పక్కనే 'తొలగించు' అని ఉంది. అది నొక్కితే తన హోం పేజీ ఇక జన్మలో మారదు. అక్క ట్యాబ్ మాత్రం ఆ క్షణాన మూగబోతుంది. ఆమె దాన్ని తమ్ముడి ఆఖరి మాటగానే తీసుకుంటుంది. ఆయన కంప్యూటర్ మూసి, టోపీ పెట్టుకున్నారు.

దార్కా వాకిటి గదిలో దోసకాయ ఊరగాయ సీసాలకు పాత పత్రికలు చుట్టి అట్టపెట్టెల్లో సర్దుతోంది. జాలీ తలుపు తీయలేదు. ఆయన బయటే నిలబడి, ఖాతా సంగతి మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా తడబడకుండా చెప్పారు.

"అయిందా?" అంది దార్కా.

"అయింది."

"అంటే నీ ప్రకటన దానంతటదే నడుచుకుంటూ వచ్చి నా వంటింట్లో కూర్చుంటోందన్నమాట."

"స్థూలంగా అంతే, అక్కా."

"నీ బళ్ళో పిల్లలు ఇలాంటిది చెబితే నమ్మేవాడివేనా?"

మాస్టారు నిజాయితీగా ఆలోచించారు. "లేదు," అన్నారు.

"మరింకేం."

"అయినా నిజం, అక్కా. కావాలంటే కరపత్రం తెచ్చి చూపిస్తాను, ఖాతాలు ఎలా పనిచేస్తాయో అందులో ఉంటుంది."

"ఒరేయ్, నాకు ఖాతా గురించి కాదురా చెప్పాల్సింది." ఆమె ఇంకొక సీసాకు పత్రిక చుట్టింది. "శుక్రవారం సస్కాటూన్ వెళ్తున్నాను, గది ఖాయం చేసుకోవడానికి. లైల్ వాళ్ళావిడ కారులో దింపుతానంది. అక్కడ అన్ని గదులూ ఒక్కలాగే ఉంటాయిట. నీకు నచ్చుతాయి."

లోపలి తలుపు పడింది. గట్టిగా కాదు, దార్కా తలుపులు విసిరికొట్టే మనిషి కాదు.

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారికి ఒక సంగతి బోధపడింది. తాను చెప్పినదంతా సత్యమే. అందులో ఒక్క మాట కూడా ఆమె అడిగినది కాదు.

మధ్యాహ్నం ఆయన హాలు పేజీ దిద్దడానికి కూర్చున్నారు. "పరిపాలనాపరమైన పునఃపరిశీలన దృష్ట్యా" అని మొదలుపెట్టి, కొట్టేశారు. "సభ్యుల అభిప్రాయాలను గౌరవిస్తూ" అన్నారు. సభ్యుల్ని ఆయన అడిగిందెప్పుడు గనక? అదీ పోయింది. కర్మాగారం పెరొగీల పెట్టెలు హాలు శీతలగదిలో అప్పటికే చేరి ఉన్నాయి. వేసవిలో సంఘం వాటిని రుచి చూసినప్పుడు, ఏకరీతిగానే ఉన్నాయనీ, ఏ ఒక్కదానికీ రుచి లేదనీ ఫిలిప్ తీర్మానించిన సంగతి ఆయన నివేదికలో చేర్చలేదు. పొద్దు వాలుతుండగా ఆయన రాసి ముగించినది ఇది:

"పెరొగీలు కర్మాగారం నుంచి తెప్పించడం అధ్యక్షుడి పొరపాటు. అక్కను అడగకుండా చేశాడు. విందు వారంలో మంగళవారం నాడు హాలు వంటగదిలో పెరొగీలు చేత్తో నొక్కబడతాయి, దార్కా ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే ఈ ఏడు విందులో పెరొగీలు ఉండవు."

నలుగురూ చదివే చోట తనను గురించి 'చేశాడు' అని రాసుకోవడం ఆయనకు అదే మొదలు. 'చేశారు' అని దిద్దబోయి, మానుకున్నారు. ఆ తరువాత హోం పేజీ అమరికలోకి వెళ్ళి, గదుల పేజీ తీసి, హాలు పేజీ పెట్టారు. తాను చేయలేదని పొద్దున అక్క గుమ్మంలో నిలబడి చెప్పివచ్చిన పనిని, సాయంత్రం తెలిసి తెలిసి చేశారు.

మంగళవారం కంప్యూటర్ తెరిస్తే హాలు పేజీ ఉంది. ఆయన కాఫీ తాగలేదు. ఆమె ఇంకా ట్యాబ్ తెరిచి ఉండకపోవచ్చు. బుధవారమూ హాలు పేజీయే ఉంది. నెల్లాళ్ళుగా ఏ రోజు కోసం పాటుపడ్డారో ఆ రోజు వచ్చింది. హోం పేజీ దానంతటది మారడం మానేసింది. మాస్టారు రోజంతా దాన్ని తెరుస్తూ మూస్తూ గడిపారు. గొర్రె వస్తుందేమోనని చూశారు. గొర్రె రాలేదు. అక్క విసిగిపోయి ట్యాబ్‌ను కూడా ఏ అట్టపెట్టెలోనో సర్దేసి ఉంటే హోం పేజీ ఇలాగే కదలకుండా ఉంటుందన్న ఆలోచన గురువారం వచ్చింది. ఆ పూట ఆయన భోజనం సరిగా చేయలేదు.

శుక్రవారం ఉదయం ఫోను మోగింది.

"ఒరేయ్, నీ పేజీలో తప్పుంది," అంది దార్కా.

మాస్టారు కళ్ళజోడు వెతుక్కున్నారు. "ఎక్కడ?"

"మంగళవారం నొక్కడమేమిటి? మంగళవారం నొక్కాలంటే సోమవారమే దుంపలు ఉడికి చల్లారాలి. వేడి దుంప కూరితే పిండి పగిలిపోతుంది. అమ్మ చేస్తుంటే అక్కడే కూర్చుని తినడం తప్ప, ఎప్పుడైనా చూశావా?"

"సోమవారం అని కూడా చేరుస్తాను." ఆయన దాన్ని కాగితం మీద రాసుకున్నారు. "అక్కా, లైల్ వాళ్ళావిడ కారు?"

"పంపించేశాను. దుంపలు ఎవరు తొక్కతీస్తారు?"

"నేను తీస్తాను."

"నువ్వు తీస్తే తొక్క మిగులుతుంది, దుంప మిగలదు. నువ్వు ఉల్లిపాయలు తరుగు. ఆ పాల వ్యాను ఫిలిప్‌ని కూడా రమ్మను. నోరు ఖాళీగా ఉంటే వాగుతాడు, కర్మాగారం సరుకంతా వాడి చేత తినిపిద్దాం."

"అలాగే." మాస్టారికి తన బాధ్యత గుర్తొచ్చింది. "నీకు వేరే ఖాతా ఒకటి తెరిచి ఇస్తానక్కా. అప్పుడు ఎవరి హోం పేజీ వాళ్ళది. ఇక మారే ప్రసక్తే ఉండదు."

ఆ చివర అట్టపెట్టెలోంచి తీసిన సీసాలు బల్లమీద పెడుతున్నట్టు వినిపించింది.

"ఎందుకు? ఇప్పుడున్నది బాగానే ఉందిగా," అంది దార్కా. "నా మేజోళ్ళ పేజీ నేను పెట్టుకుంటాను. నువ్వు ముట్టుకోకు."

"మరి నాకు?"

"నువ్వూ అల్లుకో."

మర్నాడు కంప్యూటర్ తెరవగానే ఎర్ర గొర్రె వచ్చింది. దాని కింద మేజోడుకు మడమ దగ్గర అల్లిక తిప్పే విధానం సవివరంగా రాసి ఉంది. ఒరెస్ట్ మాస్టారు దాన్ని పైనుంచి కిందికి చదివి, రెండు చోట్ల కామాలు లేవని గమనించి, కాఫీ తాగారు. హోం పేజీ జోలికి పోలేదు. తరువాత కత్తికి పదును పెట్టుకోవడానికి లేచారు. సోమవారం ఉల్లిపాయలు తరగాలి.