గ్రహణం గుంత

సూర్యగ్రహణం నాటి పొద్దున్నే బేతంచెర్ల పక్క పల్లెలో గిడ్డమ్మ తన ఇంటి ముందర గుంత తవ్వింది. మూడేళ్ల మనవరాలు తిప్పక్కను గ్రహణం పట్టినంతసేపూ అందులో మెడదాకా పూడ్చాలట. చచ్చుబడిన కాలు తిరిగొస్తుందట. డాక్టరు లేని ఊళ్లో మట్టే డాక్టరు!

తిప్పక్క తల్లి ఈరక్క బిడ్డను ఎత్తుకుని ఏడుస్తోంది. వద్దనే నోరు ఆమెకు లేదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంలో కత్తిపీట ముట్టింది కాబట్టే బిడ్డ కాలు పోయిందని అత్త గిడ్డమ్మ ఏడాదిగా పొడుస్తోంది. పొడవగా పొడవగా ఈరక్కా నమ్మేసింది.

అప్పుడు జీవమ్మ వచ్చింది. నాపరాళ్ల గనిలో ఈరక్కతో పాటు రాళ్లు మోసే మనిషి. ఆమె కొడుక్కీ ఇదే జబ్బు. పని లేని రోజున ఇలాంటి బిడ్డలున్న ఇళ్లకు పోయి కూర్చుంటుంది. ఎవరూ పంపలేదు, ఎవరూ జీతమివ్వరు. కిరస్తానీ అయినా ఊరికి అంటరానిదే. ఏ ఇంటికి పోయినా గడప బయటే.

"పెద్దమ్మా, ఈ పిల్ల పుట్టినాక నడిచిందా?"

"ఓ, రెండేండ్లదాకా ఉరికింది. జరమొచ్చినాక పడిపాయ."

"మరి కడుపులో ఉన్నప్పటి పాపం రెండేండ్లు యాడ దాంకోనుండాది? నీ కోడలి కొంగులోనా?"

గిడ్డమ్మ పారను మట్టిలో గుచ్చింది. "పెద్దోళ్లు చెప్పింది అబద్ధమా ఏమే?"

"నేనూ నా కొడుకును పూడ్చినా పెద్దమ్మా. కాలు రాలా. ఇప్పటికీ నేను పార పడితే వాడు దుప్పట్లో దూరతాడు. ఇది జరం చేసిన పని. గోరెచ్చని నూనె రాసి కాలు సాపుతా, ముడుస్తా ఉండండి. ఉరుకుతాదని నేను చెప్పను. నా కొడుకు కట్టె పట్టుకోని బడికి పోతాండాడు."

ఈరక్క బిడ్డను కిందికి దించింది. "నేను చేసింది కాదా జీవమ్మా?"

"కాదే పిచ్చిదానా."

జీవమ్మ కాయలు కాసిన చేతులను ఈరక్క కళ్లకద్దుకుంది. అత్త ముందరే, వీధిలోనే. తిప్పక్క పాకి వచ్చి జీవమ్మ మెడ పట్టుకుంది.

గ్రహణం పడుతోంది. వీధిలో తలుపులు మూసుకుంటున్నాయి. జీవమ్మ లేవబోతే పిల్ల మెడ వదల్లేదు. గిడ్డమ్మ గుంతను చూసింది, కోడలిని చూసింది.

"యాడికి పోతావే ఇప్పుడు? బిడ్డను ఎత్తుకోని లోపలికి రా."

జీవమ్మ కదల్లేదు. "లోపలికా?"

"ఇనపల్యా? నా కోడలికి ప్రాణం పోసినదానివి. నీతో నా ఇల్లు మైలబడేదుంటే పడనీ. రా!"

తలుపు గిడ్డమ్మే మూసింది, అందరూ లోపలికి వచ్చాక.