గోగునార కాగితం

"గిదేం దంచుడే, నిద్ర పోనియ్యవా?" అని లోపలినుంచి వెంకటప్పయ్య కసిరాడు. నైట్ షిఫ్టు చేసి పడుకున్నాడు. సుబ్బరత్నం రోకలి పక్కన పెట్టింది. సున్నపు నీళ్లలో ఉడికిన గోగునార రోట్లో ఇంకా మెత్తబడలేదు. పిండి కొట్టినప్పుడు చెడని నిద్ర నార దంచితేనే చెడుతుంది కాబోలు అనుకుంది, ఒళ్లు మండి.

బోనకల్‌లో తల్లి పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, గంపలకు పూసేది. ఆ గుజ్జును పలచగా ఎత్తితే కాగితమే అవుతుంది కదా అని, ఎనభై రెండులో పెళ్లై భద్రాచలం దగ్గర ఈ మిల్లు కాలనీకి వచ్చాక తోచింది. మిల్లులో కాగితం ఎలా చేస్తారని మొగుణ్ణి అడిగితే, "వెదురు ముక్కలకు మందేసి ఉడకబెడ్తరు, కడిగి తెల్లగ చేస్తరు. జాలి మీద నీళ్లు కారిపోతయ్, రోలర్లు ఒత్తి ఆరబెడ్తయ్. నీకెందుకు గవన్ని?" అన్నాడు. ఎందుకో ఆమెకూ తెలియదు. చట్రానికి దోమతెర బిగించి, గోగునార గుజ్జు కలిపిన నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ ఎత్తడం పట్టుబడేసరికి ఏడాది పట్టింది. ఆమె ఎత్తి ఆరబెట్టినవి చూసి అతను చిత్తుకాగితాలని నవ్వేవాడు.

నిద్ర చెడిందని అతను కసిరిన ఆ వారమే మిల్లు వార్షికోత్సవం. పక్కింటి షాకేరా వచ్చి, నీ కాగితాలు ప్రదర్శనలో పెట్టారని, పల్ప్ సెక్షన్ వెంకటప్పయ్య చేశాడని ఆఫీసర్లు ఒకటే మెచ్చుకుంటున్నారని చెప్పింది. సొమ్మొకరిది, సోకొకరిది. నిలదీస్తే, "నీది నాది ఏంది? ఇంట్లదే కద" అన్నాడు. ఇంట్లో అంట్లు మాత్రం ఎప్పుడూ ఆమెవే. పైగా రేపు అందరి ముందూ చేసి చూపించమన్నారట, గుజ్జు సిద్ధం చేయమన్నాడు. అయినా చేసింది.

మర్నాడు షామియానా కింద తొట్టి పెట్టాక, "మా ఇంటామె. సాయానికి తెచ్చిన సార్" అని పెద్దసారుకు చూపించాడు. చట్రం ముంచి అమాంతం పైకి లాగాడు. గుజ్జంతా ఓ మూలకు జారి ముద్దయింది. మళ్లీ ముంచాడు. ఈసారి నడుమ పెద్ద చిల్లు. చెమట తుడుచుకుంటూ ఆమెవైపు చూశాడు, చొక్కా గుండీ ఊడినప్పుడు చూసే చూపు. అలవాటుగా ఆమె చేతులు ముందుకు వెళ్లబోయాయి. ఆపుకుంది.

"సాయానికే కద వచ్చిన," అంది, అందరికీ వినబడేలా. "ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి. మీరు చెప్పినట్టే చేస్త."